కేక వేరు, కాగితం వేరు

ముస్లిం కుటుంబానికి ఈనాడు వార్త కాలక్షేపం కాదు. ఉదయం ఫజ్ర్ నమాజు ముగించుకొని ఫోను చేతిలోకి తీసుకునేసరికి గాజాలో ఆకలి, ఢిల్లీలో ఒక బిల్లు, సుప్రీం కోర్టులో ఒక వ్యాజ్యం, ఎక్కడో రెండు వర్గాల మధ్య తగాదా, వీటి నడుమ నమ్మశక్యం కాని ఒక వింత వీడియో, అన్నీ ఒకే తెరమీద ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలుస్తాయి. అన్నింటికీ ఒకే హోరు, ఒకే ఎర్ర అక్షరాలు. ఏది విని దుఆ చేయాలో, ఏది విని దరఖాస్తు పెట్టాలో, ఏది విని నవ్వి ఊరుకోవాలో తేల్చుకునే వ్యవధి చదువరికి దొరకదు. ఆ వ్యవధిని మనమే కల్పించుకోవాలి. లేకపోతే కన్నీరు పెట్టవలసిన చోట కోపం తెచ్చుకుంటాము, సంతకం పెట్టవలసిన చోట కన్నీరు పెడతాము, గడువు మాత్రం దాటిపోతుంది.

ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసినవారికి ఒక పద్ధతి అలవాటు. ప్రతి దస్త్రంలో రెండు భాగాలుంటాయి. బయటినుంచి వచ్చిన కాగితాలన్నీ కరెంట్ ఫైలులో ఉంటాయి. వాటిమీద గుమాస్తా మొదలుకొని కార్యదర్శి వరకు రాసుకున్న అభిప్రాయాలు నోట్ ఫైలులో ఉంటాయి. నోట్ ఫైలులో ఎంత ఘాటైన వాక్యం ఉన్నా అది ఉత్తర్వు కాదు. చివర ఉత్తర్వు వెలువడి, దానికి నంబరు, తేదీ పడినప్పుడే అది జనం జీవితాన్ని తాకుతుంది. నేటి వార్తా ప్రపంచంలో ఈ రెండు ఫైళ్ళూ కలగాపులగమైపోయాయి. స్టూడియోలో కూర్చున్న వ్యక్తి అభిప్రాయం ఉత్తర్వులా వినబడుతోంది. అసలు ఉత్తర్వు ఏ మూలనో చిన్న అక్షరాలలో పడి ఉంటోంది. వాటిని తిరిగి విడదీయడం నేర్చుకోవడమే ఈ సంపాదకీయం కోరుతున్నది.

ఓటు చెప్పే మాట

మన ఇళ్ళలో ఎక్కువగా చర్చకు వచ్చే విదేశాంగ విషయం పాలస్తీనా. దానిపై మనకు చేరే సందేశాలు రెండే రకాలు. భారతదేశం పాలస్తీనాను పూర్తిగా వదిలేసిందనేది ఒకటి. భారతదేశం ఎప్పటిలాగే పాలస్తీనా వెంట నిలిచిందనేది మరొకటి. రెండూ కేకలే. కాగితం చెప్పేది ఈ రెండింటికంటే క్లిష్టంగానూ, మనకు ఎక్కువగా ఉపయోగపడేదిగానూ ఉంది.

ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో 1947 నవంబరు 29న పాలస్తీనా విభజన తీర్మానం ఓటింగుకు వచ్చినప్పుడు దానిని వ్యతిరేకించిన 13 దేశాలలో భారత్ ఒకటి. 1950లో ఇజ్రాయెల్‌ను గుర్తించినా, పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు ఏర్పడటానికి 1992 జనవరి వరకు పట్టింది. ఆ నిర్ణయం తీసుకున్నది మన తెలుగు ప్రధాని పి.వి. నరసింహారావు ప్రభుత్వం. మధ్యకాలంలో, 1974లో, పాలస్తీనా విమోచన సంస్థను ఆ ప్రజల ఏకైక ప్రతినిధిగా గుర్తించిన తొలి అరబ్బేతర దేశం భారత్. 1988లో పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించిన తొలి దేశాల వరుసలో కూడా మన దేశం ఉంది. 2017 జూలైలో నరేంద్ర మోదీ ఇజ్రాయెల్‌లో పర్యటించిన తొలి భారత ప్రధాని అయ్యారు. 2018 ఫిబ్రవరిలో రమల్లాకు వెళ్ళిన తొలి భారత ప్రధాని కూడా ఆయనే. ఈ రెండు పర్యటనల మధ్య, 2017 డిసెంబరులో, జెరూసలేమును ఇజ్రాయెల్ రాజధానిగా గుర్తించిన అమెరికా నిర్ణయాన్ని తప్పుపట్టిన తీర్మానానికి భారత్ అనుకూలంగా ఓటు వేసింది. ఒక పార్టీ అంటే పాలస్తీనా, ఇంకొక పార్టీ అంటే ఇజ్రాయెల్ అని గీత గీసి చెప్పే లెక్కకు ఈ చరిత్ర లొంగదు.

ఇక ఇటీవలి ఓట్లు చూద్దాం. 2023 అక్టోబరు 27న గాజాలో మానవతా విరామం కోరుతూ జోర్డాన్ ప్రతిపాదించిన తీర్మానంపై భారత్ తటస్థంగా ఉంది. అదే రోజు హమాస్ దాడిని పేరుపెట్టి ఖండించాలని కెనడా తెచ్చిన సవరణకు అనుకూలంగా ఓటు వేసింది. ఆ సవరణకు మూడింట రెండు వంతుల మద్దతు లభించక వీగిపోయింది. 2023 డిసెంబరు 12న తక్షణ కాల్పుల విరమణ కోరిన తీర్మానానికి 153 దేశాలతో కలిసి అనుకూలంగా ఓటు వేసింది. 2024 మే 10న పాలస్తీనా ఐక్యరాజ్యసమితి సభ్యత్వానికి అర్హమైనదన్న తీర్మానాన్ని బలపరిచింది. 2024 సెప్టెంబరు 18న, ఆక్రమిత ప్రాంతాల నుంచి ఇజ్రాయెల్ 12 నెలల్లో వైదొలగాలన్న తీర్మానంపై మళ్ళీ తటస్థంగా నిలిచింది. 2025 జూన్ 12న 149 దేశాలు కాల్పుల విరమణను కోరినప్పుడు తటస్థంగా ఉన్న 19 దేశాలలో చేరింది. మూడు నెలలు తిరిగేసరికి, 2025 సెప్టెంబరు 12న, రెండు రాజ్యాల పరిష్కారాన్ని సమర్థించిన న్యూయార్క్ ప్రకటనకు 142 దేశాలతో పాటు అనుకూలంగా ఓటు వేసింది.

ఈ వరుసను ఒక కాగితం మీద రాసుకొని చూస్తే ఒక పోకడ కనిపిస్తుంది. పాలస్తీనాకు రాజ్యం ఉండాలి, సభ్యత్వం ఉండాలి, రెండు రాజ్యాలు పక్కపక్కన ఉండాలి అన్న సూత్రం ఎదురైనప్పుడు భారత్ ‘అవును’ అంటోంది. ఇజ్రాయెల్‌ను జవాబుదారీ చేసే షరతు, గడువు, ఆంక్ష, ఆయుధాల నిషేధం వంటివి తీర్మానంలో చేరినప్పుడు తటస్థంగా జరుగుతోంది. జెనీవాలోని మానవ హక్కుల మండలిలో 2024 ఏప్రిల్ 5న ఈ తీరు ఒకే రోజున బయటపడింది. పాలస్తీనియన్ల స్వయంనిర్ణయ హక్కు తీర్మానానికి భారత్ అనుకూలంగా ఓటు వేసింది. ఇజ్రాయెల్‌కు ఆయుధాల సరఫరా ఆపాలని కోరిన తీర్మానంపై అదే రోజు తటస్థంగా ఉండిపోయింది. 2023 డిసెంబరు ఓటు ఈ పోకడలో పూర్తిగా ఇమడదు. అందుకే దీనిని సూత్రం అనకుండా పోకడ అంటున్నాము.

ఇక్కడ ఒక పదం గురించి చెప్పుకోవాలి. మన పత్రికలు చాలాసార్లు ‘భారత్ ఓటింగుకు గైర్హాజరు’ అని రాస్తుంటాయి. తరగతికి వెళ్ళని విద్యార్థిలా మన ప్రతినిధి సభకు రాలేదేమోనని చదువరి అనుకుంటాడు. వాస్తవానికి ప్రతినిధి తన కుర్చీలోనే ఉండి, తటస్థత మీట నొక్కుతాడు. అది తెరమీద పడుతుంది, అధికారిక నమోదులోకి ఎక్కుతుంది. చాలాసార్లు ఎందుకలా చేశామో వివరణ కూడా చదువుతాడు. తటస్థత ఆలోచించి తీసుకున్న వైఖరి. గైర్హాజరు అన్న మాట దాని బాధ్యతను చెరిపేస్తుంది.

ఎందుకిలా అన్న ప్రశ్నకు జవాబు కూడా కాగితాలలోనే ఉంది. స్టాక్‌హోమ్ శాంతి పరిశోధనా సంస్థ సిప్రి లెక్కల ప్రకారం ఇజ్రాయెల్ ఎగుమతి చేసే ఆయుధాలకు ఇటీవలి సంవత్సరాలలో అతిపెద్ద కొనుగోలుదారు భారతదేశం. 2018 డిసెంబరులో హైదరాబాదులోనే అదానీ, ఎల్బిట్ సంస్థల ఉమ్మడి డ్రోన్ల కర్మాగారం ప్రారంభమైంది. 2023 చివరి నుంచి ఇజ్రాయెల్ నిర్మాణ పనులకు భారతీయ కార్మికుల ఎంపిక మొదలై, హైదరాబాదులో కూడా ఎంపికలు జరిగాయి. త్రాసులో రెండో పళ్ళెం గల్ఫ్. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచే వస్తుంది, అందులో పెద్ద వాటా అరబ్బు దేశాలది. కడప నుంచి కువైట్‌కు, నిజామాబాదు, కరీంనగర్, జగిత్యాల నుంచి దుబాయికి, హైదరాబాదు పాతబస్తీ నుంచి జెద్దాకు వెళ్ళినవారు పంపే డబ్బుతో నడుస్తున్న ఇళ్ళు మన చుట్టూ ఎన్నో. యూఏఈతో 2022 మే 1 నుంచి అమలులోకి వచ్చిన సమగ్ర ఆర్థిక ఒప్పందం ఈ బంధాన్ని ఇంకా బిగించింది. ప్రభుత్వం ఈ రెండు పళ్ళేలనూ చూసుకుంటూ ఓటు వేస్తోంది. అది ధర్మమా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఈ పత్రిక జవాబు దాచుకోదు. పసిపిల్లలు ఆకలితో ప్రాణాలు విడుస్తున్న వేళ, కాల్పులు ఆపమని 149 దేశాలు చేయి ఎత్తినప్పుడు, వలస పాలన బాధ ఎరిగిన దేశం చేయి దించుకొని కూర్చోవడం మనకు నొప్పి కలిగించింది. ఆ నొప్పిని చెప్పుకొనే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. ‘దేశం ద్రోహం చేసింది’ అని అరిస్తే అది నోట్ ఫైలులోని ఒక వాక్యంగా మిగిలిపోతుంది, అరిచినవాడి దేశభక్తి మీదనే ప్రశ్న తిరిగి వస్తుంది. ‘2023 డిసెంబరు 12న కాల్పుల విరమణకు అవునన్న ప్రభుత్వం 2025 జూన్ 12న ఎందుకు తటస్థమైంది? ఈ రెండు తేదీల మధ్య ఏమి మారింది?’ అని మన నియోజకవర్గ పార్లమెంటు సభ్యుడికి రాతపూర్వకంగా పంపి, సభలో అడగమంటే దానిని ఎవరూ అంత తేలికగా తోసిపుచ్చలేరు. తేదీ ఉన్న ప్రశ్నకు తేదీ ఉన్న జవాబు రావాలి.

వింతల వెనుక విషం

గంభీరమైన వార్తలకంటే వేగంగా తిరిగేవి వింతలు. వాటిని నవ్వి వదిలేయడం మంచిదే కానీ, కొన్ని వింతలు మనకు పాఠాలు చెబుతాయి.

2017 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో పాకిస్తాన్ ప్రతినిధి మలీహా లోధీ ఒక బాలిక ఫోటోను పైకెత్తి చూపారు. ముఖమంతా గాయాలున్న ఆ బాలిక కాశ్మీర్‌లో పెల్లెట్ తుపాకుల బాధితురాలని ఆమె చెప్పారు. కొద్ది గంటల్లోనే నిజం బయటపడింది. అది 2014లో గాజాలో, ఇజ్రాయెల్ దాడిలో గాయపడిన పాలస్తీనా బాలిక చిత్రం. ప్రపంచంలోని అత్యున్నత వేదిక మీద, ఒక దేశపు రాయబారి చేతిలో జరిగిన తప్పు ఇది. దాని ఫలితం ఎవరు అనుభవించారు? గాజా బాలిక బాధ ఆమెకు దక్కకుండా పోయింది. కాశ్మీర్‌లో నిజంగా చూపు కోల్పోయిన పిల్లల మాట అబద్ధమేమోనన్న అనుమానానికి గురైంది. మన పక్షాన చెప్పిన అబద్ధం ముందుగా మన సత్యాన్నే చంపుతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

2023 అక్టోబరు తరువాత ‘గాజాలో కూలిన ఇజ్రాయెల్ హెలికాప్టర్’ వంటి శీర్షికలతో మన గ్రూపులలో తిరిగిన కొన్ని వీడియోలు ‘ఆర్మా 3’ అనే కంప్యూటర్ ఆటలోని దృశ్యాలు. పిల్లలు ఆడుకునే ఆటను పెద్దలు యుద్ధమనుకొని ‘మాషా అల్లాహ్’ అంటూ పంచుకున్నారు. వింతగా తోచినా, దీని వెనుక ఒక నష్టం ఉంది. ఇలాంటివి పది చూసినవాడు పదకొండోదిగా వచ్చిన నిజమైన ఆసుపత్రి దృశ్యాన్ని కూడా ఆట అంటాడు.

అబద్ధం మనమీదికి తిరిగినప్పుడు దాని కాటు ఎలా ఉంటుందో 2025 మే నెల చూపించింది. ఆపరేషన్ సిందూర్ దినాలలో, మే 7న పాకిస్తాన్ ఫిరంగి గుళ్ళకు జమ్మూకాశ్మీర్‌లోని పూంఛ్ పట్టణంలో ఒక మదర్సా ఉపాధ్యాయుడు ప్రాణం కోల్పోయారు. ఆయన భారత పౌరుడు, శత్రువు గుండుకు బలైన మనిషి. కొన్ని టీవీ ఛానెళ్ళు ఆయన ఫోటో చూపించి, భారత సైన్యం మట్టుబెట్టిన ఉగ్రవాది అని ప్రసారం చేశాయి. ఆయన గడ్డమూ టోపీయే వాటికి సాక్ష్యం! పూంఛ్ పోలీసులు స్వయంగా ఆ ప్రసారాన్ని ఖండించారు. తరువాత అక్కడి న్యాయస్థానం ఛానెళ్ళపై కేసు నమోదు చేయమని ఆదేశించింది. ఆ కుటుంబం తమ మనిషిని ఒకసారి గుండుకు, మరొకసారి తెరకు పోగొట్టుకుంది. ఆ గౌరవాన్ని తిరిగి తెచ్చింది పోలీసుల రాతపూర్వక ఖండన, కోర్టు ఆదేశం. గ్రూపులలో మన ఆవేశం ఒక్కటే ఆ పని చేయగలిగేది కాదు.

2020 మార్చిలో నిజాముద్దీన్ మర్కజ్ పేరుతో దేశమంతటా లేచిన కేకను ఎవరూ మరచిపోలేదు. మహమ్మారికి మతం అంటగట్టిన ఆ రోజులలో కూరగాయలు అమ్ముకునే ముస్లిములను వీధులలోకి రానివ్వని ఊళ్ళున్నాయి. అదే ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారన్న అభిప్రాయాన్ని వ్యక్తం చేసింది. మర్కజ్‌కు వచ్చినవారికి ఆశ్రయమిచ్చారన్న ఆరోపణతో 70 మంది భారతీయులపై పెట్టిన కేసులను ఢిల్లీ హైకోర్టు 2025 జూలైలో కొట్టివేసింది. కేకకు ఒక్క రాత్రి చాలింది, కాగితానికి అయిదేళ్ళు పట్టింది. ఆ తీర్పులు ఎన్ని పత్రికలలో మొదటి పుటకు ఎక్కాయి? మన ఇళ్ళలో ఎందరి దగ్గర వాటి ప్రతులున్నాయి? ఎవరైనా మళ్ళీ ఆ మాట ఎత్తినప్పుడు చూపడానికి తీర్పు ప్రతి ఉండాలి కదా!

తీర్పు రోజున గెలుపా, ఓటమా?

ఇల్లు దాటిన విషయాలలో కాగితం చదవకపోతే మనసుకు నష్టం. ఇంటి విషయాలలో చదవకపోతే ఆస్తికి, పిల్లల చదువుకు నష్టం. రెండు ఉదాహరణలు చాలు.

వక్ఫ్ సవరణ చట్టం 2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చింది. దానిపై సుప్రీం కోర్టు 2025 సెప్టెంబరు 15న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ సాయంత్రం ఒక ఛానెల్‌లో ‘ముస్లిములకు ఊరట’, ఇంకొక ఛానెల్‌లో ‘చట్టానికి కోర్టు ఆమోదం’ అన్న శీర్షికలు కనబడ్డాయి. మన గ్రూపులలో మిఠాయిల బొమ్మలు, ఏడుపు బొమ్మలు ఒకేసారి తిరిగాయి. ఉత్తర్వు చదివినవారికి అర్థమైంది వేరు. అయిదేళ్ళుగా ఇస్లాం ఆచరిస్తున్నవాడే వక్ఫ్ చేయాలన్న నిబంధనను, నియమావళి రూపొందేవరకు కోర్టు నిలిపివేసింది. ప్రభుత్వ భూమి అన్న వివాదంలో నియమిత అధికారి విచారణతోనే ఆస్తి స్వభావం మారిపోయే నిబంధనలను నిలిపివేసింది. ట్రిబ్యునల్ తేల్చేవరకు వక్ఫ్ సంస్థలను ఖాళీ చేయించరాదని, రికార్డులు మార్చరాదని చెప్పింది. కేంద్ర మండలిలో ముస్లిమేతరులు నలుగురికి, రాష్ట్ర బోర్డులలో ముగ్గురికి మించరాదని చెప్పింది. ఇవి ఊరటలు. వాడుక ద్వారా ఏర్పడిన వక్ఫ్ అన్న భావనను చట్టం నుంచి తొలగించడాన్ని మాత్రం ఆపలేదు. నమోదు తప్పనిసరి అన్న నిబంధనను ముట్టుకోలేదు. మన పల్లెలలోని పాత ఖబ్రస్తాన్‌కు, ఆషూర్‌ఖానాకు, ఊరి చివర చిన్న మసీదుకు ప్రాణాధారమైన విషయాలు ఈ చివరి రెండే.

నమోదు కోసం ‘ఉమీద్’ పోర్టల్ 2025 జూన్ 6న తెరుచుకుంది. ఇచ్చిన గడువు ఆరు నెలలు. ఊరట అన్న కేక విని ‘ఇక కంగారు లేదు’ అనుకున్న కమిటీలు ఉన్నాయి. ‘అంతా పోయింది’ అన్న కేక విని ‘ఇక చేసేదేముంది’ అనుకున్న కమిటీలూ ఉన్నాయి. రెండు రకాల కమిటీలూ చేతులు ముడుచుకున్నాయి. 2025 డిసెంబరు 1న, గడువును అందరికీ పొడిగించడానికి సుప్రీం కోర్టు ఒప్పుకోలేదు. కారణాలున్నవారు చట్టంలోని వెసులుబాటు ప్రకారం వక్ఫ్ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించమన్నది. పాత గెజెట్ ప్రకటన ప్రతిని, ముంతఖబ్‌ను, రెవెన్యూ పత్రాలను ముందే ఒక కట్టగా కట్టి పెట్టుకున్న ముతవల్లీలు బయటపడ్డారు. మిగిలినవారు ఎక్కవలసింది ట్రిబ్యునల్ మెట్లు. ఎక్కండి. తాతముత్తాతలు నిద్రించే నేలకోసం ఆ శ్రమ పెద్దది కాదు.

రెండో ఉదాహరణ నాలుగు శాతం రిజర్వేషన్. ప్రతి ఎన్నికలలోనూ ‘మతం ఆధారంగా ఇచ్చిన రిజర్వేషన్’ అన్న కేక తెలుగు రాష్ట్రాలలో లేస్తుంది. 2007 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం పేరే చదవండి. ముస్లిములలో సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల కోసం చేసిన చట్టమది. అనుబంధంలో 14 వర్గాలున్నాయి. ధోబీ ముస్లిములు, నాయీ ముస్లిములు, ఖురేషీ కసాయివారు, అత్తరు సాయిబులు, రాళ్ళు కొట్టే తురక కాశలు, ఫకీర్లు, షేక్‌లు వారిలో ఉన్నారు. సయ్యదులు, మొగలులు, పఠాన్లు, అరబ్బులు, బోహ్రాలు వంటివారిని చట్టమే మినహాయించింది. దూదేకులవారు ఎప్పటినుంచో బీసీ-బీలో ఉన్నారు. మతమే ఆధారమైతే ఈ మినహాయింపులు ఎందుకుంటాయి? ఈ ఒక్క ప్రశ్న అడగగలిగితే సభలో సగం కేక సద్దుమణుగుతుంది. హైకోర్టు 2010 ఫిబ్రవరిలో చట్టాన్ని కొట్టివేయగా, అదే ఏడాది మార్చి 25న సుప్రీం కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద మన పిల్లల బీసీ-ఈ ధ్రువపత్రాలు నిలిచి ఉన్నాయి. ఆ పునాది ఎంత సన్ననిదో కూడా మనం ఎరిగి ఉండాలి.

మన పక్షాన వినబడే కేక కూడా ఇలాగే మోసం చేస్తుంది. తెలంగాణ శాసనసభ 2017 ఏప్రిల్ 16న 12 శాతం బిల్లును ఆమోదించినప్పుడు ఊరేగింపులు తీశారు. రాష్ట్రపతి ఆమోదం లేనిదే ఆ బిల్లు అమలు కాదన్నది చిన్న అక్షరాలలో ఉండిపోయింది. ఏళ్ళు గడిచినా అందులోని 12 శాతం ఒక్క విద్యార్థికీ సీటుగా మారలేదు. శాసనసభ తీర్మానం, ఆమోదించిన బిల్లు, ఆమోదముద్ర పడిన చట్టం, గెజెట్‌లో వచ్చిన నియమాలు, అమలు ఉత్తర్వు, ఇవన్నీ ఒకే మెట్ల వరుసలోని వేరువేరు మెట్లు. మొదటి మెట్టు దగ్గరే దండలు వేసుకొనే అలవాటు మానుకోవాలి.

ఇంటింటా చేయదగిన పని

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ అధ్యాయం, ఎవరైనా వార్త తెచ్చినప్పుడు నిర్ధారించుకోవాలని, తెలియక ఎవరికైనా హాని చేసి తరువాత పశ్చాత్తాపపడే స్థితి తెచ్చుకోవద్దని విశ్వాసులను హెచ్చరిస్తుంది. మనకు ఇది కేవలం పౌరధర్మం కాదు, ధర్మాదేశం. దానిని ఆచరణలో పెట్టడానికి పెద్ద చదువులు అక్కరలేదు. ఏ వార్త వచ్చినా నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఇది ఎవరి మాట, అభిప్రాయమా, ఉత్తర్వా? దీనికి తేదీ, నంబరు ఉన్నాయా? ఇది ఏ మెట్టు మీద ఉంది? దీనివల్ల నేను, నా మసీదు, నా బిడ్డ చేయవలసిన పని ఏదైనా ఉందా, ఉంటే గడువు ఎప్పుడు? నాలుగో ప్రశ్నకు జవాబు ఉన్న వార్తే మనకు అసలైన వార్త. మిగిలినవి తెలుసుకోవడానికి, దుఆ చేయడానికి, అవసరమైతే నిరసన తెలపడానికి.

ఫోటో, వీడియో వస్తే పంచుకునే ముందు ఒక్కరోజు ఆగండి. నిజమైతే రేపు కూడా నిజంగానే ఉంటుంది. ఒక తప్పుడు సందేశాన్ని ముందుకు తోసిన పాపానికి భారతీయ న్యాయ సంహితలోని వర్గ వైషమ్యాల సెక్షన్ల కింద ఇరుక్కునే కుర్రవాడి వెనుక పుస్తెలు తాకట్టు పెట్టే తల్లి ఉంటుందని యువకులు గుర్తుంచుకోవాలి. పంపినవాడు దొరకడు, పంచినవాడే దొరుకుతాడు.

ప్రతి మసీదు కమిటీ నెలకొక ఆదివారం, జుహర్ తరువాత ఒక గంట, ‘కాగితాల గంట’ పెట్టుకోవచ్చు. చదువుకున్న ఇద్దరు యువతీ యువకులు ఆ నెలలో వచ్చిన గెజెట్ ప్రకటనలు, మైనారిటీ సంక్షేమ శాఖ ఉత్తర్వులు, స్కాలర్‌షిప్ గడువులు, ఓటర్ల జాబితా సవరణ తేదీలు తెలుగులో చదివి వినిపించాలి. ఇంటి లెక్కలు, పిల్లల ధ్రువపత్రాలు చూసుకునేది ఎక్కువగా మన అమ్మలు, అక్కచెల్లెళ్ళే గనుక వారికి ఆ గంటలో చోటు తప్పనిసరి. కార్యాలయం జవాబు చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలతో అడగవచ్చు, 30 రోజులలో జవాబు రావాలి. అడిగిన ప్రతి కాగితానికీ రసీదు తీసుకోండి, ప్రతి రసీదునూ భద్రపరచండి.

ఇవన్నీ చేసినంత మాత్రాన అన్యాయం ఆగిపోతుందని చెప్పబోము. మంచి కాగితం చేతిలో ఉన్నవాడు కూడా ఓడిపోయిన సందర్భాలు ఈ దేశంలో ఉన్నాయి. అయితే కాగితం లేనివాడికి పోరాడే చోటు కూడా మిగలదు. 2022 జూన్‌లో దైవప్రవక్త (స) పట్ల అనుచిత వ్యాఖ్యల విషయంలో ఖతర్, కువైట్, ఇరాన్ మన రాయబారులను పిలిపించినప్పుడు, అధికార పార్టీ తన ప్రతినిధిని సస్పెండ్ చేసింది. దానిని చూసి మన రక్షణ గల్ఫ్ రాజుల చేతిలో ఉందని భ్రమపడినవారున్నారు. ఆ రాజులు తమ లెక్కలు తాము చూసుకుంటారు, రేపు వేరే లెక్క చూసుకుంటారు. మన హక్కులు 1950 జనవరి 26న ఈ నేలమీద అమలులోకి వచ్చిన రాజ్యాంగం నుంచి వచ్చాయి. 14, 15, 25, 26, 29, 30 అధికరణాలు ఎవరూ మనకు దయతో పంపినవి కావు.

గాజా బిడ్డకోసం ఏడ్చే హృదయాన్ని అల్లాహ్ మనలో సజీవంగా ఉంచుగాక. ఆ కన్నీటితో పాటు మన ఊరి ఖబ్రస్తాన్ పత్రాన్ని, మన బిడ్డ ధ్రువపత్రాన్ని, మన పేరున్న ఓటరు జాబితా పుటను చూసుకునే మెలకువను కూడా ప్రసాదించుగాక. ఈ నెల మీ మసీదులో ఆ గంట మొదలుపెట్టండి. ఏ కాగితం చదివారో, ఏ గడువు పట్టుకున్నారో మాకు రాయండి. ఆ ఉత్తరాలను మిగిలిన ఊళ్ళకు చేర్చే పని ఈ పత్రిక తీసుకుంటుంది.